నాందేడ్ నాకు కొత్తేం కాదు

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది, నేను నడుస్తుంటే జనం చూస్తారని. మా కర్ఖేలిలో ఎవరూ చూసేవారు కాదు, అది వేరే సంగతి. అది ఊరి తప్పని, చూసే కళ్లున్న పట్నం ఒకటి ఎక్కడో నాకోసం ఎదురుచూస్తోందని సరిపెట్టుకునేవాణ్ణి. ఆ పట్నం నాందేడేనని తేలిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోయేది. (మా ఇంట్లో ఈ కథ ఏదో ఒక వంకతో నెలకోసారైనా వస్తుంది. నా నోటితో నేనే చెప్పుకుంటే కాస్త పరువు మిగులుతుందని ఆశ.)

సంబంధం మా తంబాకు మామ తెచ్చాడు. (అమ్మకు తమ్ముడు. అరచేతిలో తంబాకు నలపనిదే మాట మొదలుపెట్టడు.) పిల్ల తండ్రి నాందేడ్‌లో రైల్వే ఉద్యోగి, కాపురం క్వార్టర్స్‌లో. నాకూ ఆ ఊళ్లోనే ఒక ఎరువుల దుకాణంలో కొలువు కుదిరేలా ఉంది. పిల్ల ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కానీ పిల్ల తండ్రికి ఒక అనుమానం పట్టుకుంది. "పోరడు మంచోడే కావచ్చు, కని పట్నంల తప్పిపోతె నా బిడ్డనే ఎతుక్కోవాలె గద" అన్నాడట. ఆ మాట నాకు ఎక్కడో కాలింది. పెళ్లిచూపుల రోజు అమ్మా మామా మధ్యాహ్నం బండికి నేరుగా వాళ్లింటికి వస్తారు. నేను మాత్రం పొద్దుటి ప్యాసింజర్‌కే పోయి, మొహల్లాలన్నీ తిరిగేసి, ఆయన ముందు అక్కడే పుట్టి పెరిగినవాడిలా మాట్లాడాలని పథకం వేశాను. కొత్త చొక్కా, నల్ల కళ్లద్దాలు. అమ్మ నూనె పెట్టి, పాపిడి తీసి, "పిల్లను చూసేదాంక నెత్తి ముట్టకు, చెదిరిపోతది" అని మరీ మరీ చెప్పింది. నేను అమ్మ మాట పొల్లు పోకుండా విన్నది జీవితంలో ఆ ఒక్క రోజే.

దిగగానే గురుద్వారాకు పోయాను. లోపలికి పోవాలంటే తల కప్పుకోవాలి కదా, వాకిట్లో ఒక కాషాయం రుమాలు కొంటే అమ్మినాయనే నా నెత్తికి బిగించి వెనక ముడి వేశాడు. దండం పెట్టుకుని, లంగర్‌లో, అదే వాళ్ల ఉచిత భోజనాల దగ్గర, బంతిన కూర్చుని, రొట్టెలూ పప్పూ కడుపునిండా తిని బయటపడ్డాను. అక్కణ్నుంచి మొదలైంది నా వైభవం. వజీరాబాద్ బజారులో బట్టల దుకాణాలవాళ్లు లేచి నిలబడి "ఆయియే జీ, బైఠియే జీ" అంటూ పరుపు మీద కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చారు. చొక్కా మహిమ అనుకున్నాను. ఇత్వారా పేటలో చాయ్ హోటల్ ముసలాయన తుడిచిన బల్లనే మళ్లీ తుడిచి, ఫ్యాను కింద చోటిచ్చి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు. నేను ప్యాసింజర్‌లో వచ్చిన సంగతి ఈయన దాకా ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను. (అద్దాల మహిమ అని సర్దుకున్నాను.) సిడ్కో వైపు పోయే షేర్ ఆటోలో ఇద్దరు మనవాళ్లే, తెలుగు ఆడవాళ్లు, కూర్చుని ఉన్నారు. ఒకామె నన్ను చూసి రెండో ఆమెతో, "ఎంత దూరంకెల్లి అచ్చిండో పాపం, జర జరుగు" అంది. కర్ఖేలి అంత దూరమేం కాదే అనుకుంటూనే, మర్యాదగా "మంచిదక్కా" అన్నాను. ఆమె నోరు తెరిచేసింది.

"చూసినవానె, ఎంత మంచిగ నేర్సుకున్నడు తెలుగు!"

మరాఠీ బడిలో చదివినవాణ్ణి. నా తెలుగును మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. ఆటో దిగేదాకా ఛాతీ దించలేదు.

ఆ ఊపులోనే క్వార్టర్స్‌కు చేరాను. అమ్మ నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. మామ అరచేతిలో తంబాకు నలగడం ఆగిపోయింది. పిల్ల తండ్రి మర్యాదగానే, నాందేడ్ ఎప్పుడన్నా చూశారా అని అడిగాడు. నేను కళ్లద్దాలు తీసి, కాలు మీద కాలు వేసుకున్నాను.

"నాందేడ్ నాకు కొత్తేం కాదు. ఏ మొహల్లకు పోయినా నన్ను గుర్తుపట్టి కూసోబెడ్తరు."

ఆయన నా ముఖం వైపు కాకుండా కాస్త పైకి చూస్తున్నాడు. అమ్మ తన నెత్తి ముట్టుకుని సైగ చేసింది. పెద్దవాళ్లకు దండం పెట్టమంటోందని అర్థమై, లేచి ఆయన కాళ్లకు మొక్కాను. అమ్మ ఈసారి రెండు చేతులతో సైగ చేసింది. మంచం మీదున్న పిల్ల నాయనమ్మ కాళ్లకూ మొక్కాను. అప్పుడు చాయ్ తెచ్చిన పిల్ల, పళ్లెం నా ముందు పెట్టి మెల్లగా చెప్పింది.

"నెత్తి మీది రుమాల్ తీసి కూసోండ్రి. ఉక్కపోస్తది."

తడుముకున్నాను. పొద్దుటి నుంచీ ఊరు మర్యాద చేసింది నాకు కాదు, గురుద్వారాకు దూరం నుంచి వచ్చిన సిక్కు యాత్రికుడికి. వజీరాబాద్ చల్లటి నీళ్లు, ఇత్వారా ఫ్యాను గాలి, నా అందమైన తెలుగు, అన్నీ ఆ గుడ్డ పీలికలో మూటకట్టి ఉన్నాయి. పీకితే రాలేదు, మామ లేచి ముడి విప్పాడు. అమ్మ తీసిన పాపిడి నెత్తికి అతుక్కుపోయి ఉంది. నాయనమ్మ మంచం ఊగేలా నవ్వింది. తిరుగు బండిలో అమ్మ వేరే బెంచీ మీద కూర్చుంది. సంబంధం పోయిందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

వారం తిరక్కుండా ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. ఎందుకో నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు. నెత్తి మీద ఏముందో తెలియనివాడు ఇల్లేం నడుపుతాడని తండ్రి అడ్డం తిరిగితే, మా ఆవిడే చెప్పిందట: "రుమాలే దాసుకోరానోడు నా తాన ఏం దాస్తడు, నాయినా?"

ఇప్పుడు నాందేడ్ నిజంగానే నాకు కొత్తేం కాదు. వజీరాబాద్‌లో ఏ దుకాణదారూ తలెత్తి చూడడు, ఆటోలో ఎవరూ జరగరు. ఊరినుంచి చుట్టాలొస్తే నేనే తిప్పుతాను, ముందు గురుద్వారాకే. బయటికి రాగానే అందరూ రుమాళ్లు తీసేస్తారు. నాది మాత్రం ఉంటుంది. (కింద చెదిరిపోవడానికి ఇప్పుడు జుట్టూ పెద్దగా లేదు.)

"ఇగ తియ్యిండ్రి" అంటుంది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

తీస్తానులే, ఆ బట్టల దుకాణాలు దాటనీ అంటాను.