గసాల కాయ గిలక

మొన్న మా చిన్నమ్మ మనవడికి పేరు పెడుతున్నారని కుప్పం నుంచి పుంగనూరు పోయి, పెరట్లో అడుగుపెట్టగానే మాంసం కూరకు గసాలు వేయిస్తున్న వాసన తగిలి నా ఒళ్ళు మండిపోయింది. గసాల తప్పేమీ లేదు, నాకూ తెలుసు. తప్పు ఆ గింజల్ని కప్పుకున్న కాయది, దాన్ని అమ్ముకున్న వెధవలది.

"ఆ రోజులే బంగారం" అని మావాళ్ళు మురిసిపోతే నాకు నవ్వు రాదు. మదనపల్లె పక్కన మా పల్లెలో బాల్యం చెడ్డదని అనను. వానలు తగ్గాక కుండలో ఉడికే పచ్చి చెనక్కాయల వాసన, ఉగాదికి అవ్వ కాల్చే ఓళిగల మీద కరిగి జారే నెయ్యి, పొద్దుగూకి మంద తిరిగొస్తే గొర్రెపిల్లల్ని చంకనేసుకుని మేం తీసే పరుగులు, అన్నీ ఉన్నాయి. వాటి మధ్యనే, టమాటా తోటల నడుమ, రోడ్డుకు కనబడకుండా తెల్లపూల గసాల చెట్లూ ఉన్నాయి. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమనేవి. మాకు అదే గిలక. ఇంకా కూర్చోవడం కూడా రాని మా తమ్ముడు గంగులప్ప ఆ చప్పుడుకు బోసినోటితో నవ్వేవాడు.

అమ్మ టమాటాలు కోయడానికి పోతే తమ్ముడు అవ్వ దగ్గర ఉండేవాడు. కూలికి పోయే ఇళ్ళలో ముసలమ్మలందరిదీ ఒకటే అలవాటు, బిడ్డ ఏడిస్తే ఆ కాయ ఉడికించిన నీళ్ళు నోట్లో పోయడం. మా అవ్వా అదే పోసేది, ఇక చీరె ఉయ్యాలలో తమ్ముడు మెదిలేవాడు కాదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా, ఏడ్సనే ఏడ్సడు" అని వీధంతా మెచ్చుకునేది. పాలు తాగడం తగ్గినా, కడుపు రాయిలా గట్టిపడినా, కంటిపాప ఆవగింజంత అయినా ఎవరికీ అనుమానం రాలేదు. బుద్ధిమంతుడట! మత్తులో పడున్న పసివాడికి బుద్ధేంది, మీ తలకాయ!

ఒకరోజు అమ్మ పాలు పొంగి రవికె తడిసి పరుగున వచ్చి ఎత్తుకుంటే వాడి తల వెనక్కి వాలిపోయింది. పెదాలు నీలంగా మారాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. టమాటాల టెంపోలోనే మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం.

"ఏం మందు పోసినారమ్మా?" అని డాక్టరు అడుగుతూనే ఉన్నాడు.

"మందేమీ పొయ్యలేదప్పా, దేవుని తోడు" అని అవ్వ ఒట్టేసింది.

ఆమె అబద్ధమాడలేదు. మందంటే సీసాలో వచ్చేది. ఇది కూరలోకి గింజలిచ్చే కాయ. తినే వస్తువు ప్రాణం తీస్తుందని ఆమెకు చెప్పినవాడెవడు? చివరికి నా చేతిలో గిలక చూసి డాక్టరు ఉలిక్కిపడ్డాడు. అది నల్లమందు కారే కాయ, ఊపిరినే ఆపేసే మత్తని ఆయన చెప్పి, విరుగుడు సూది తెప్పించేలోపే తమ్ముడు పోయాడు.

అవ్వ మళ్ళీ ఓళిగలు చేయలేదు. ఆ చెట్లు పెంచి కాయలు అమ్మినవాడు మాత్రం మేడ కట్టుకున్నాడు.

ఇప్పుడా తెల్లపూలు నాకెక్కడా కనబడవు, అవ్వ లేదు, చీరె ఉయ్యాలలూ పోయాయి. పాడు అలవాటు మాత్రం పోలేదు. మొన్న పుంగనూరులో గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి దగ్గరికి చిన్నమ్మ దగ్గుమందు చెంచా పట్టుకొచ్చింది. "రోంత పోస్తే పండుకుంటాడు, సుట్టాలు వచ్చుండారు గదా." ఆ చెంచా లాక్కుని విసిరికొట్టాను.

"యాలమ్మా అంత కోపం? బిడ్డ ఏడుస్తాండాడు గదా!"

"ఏడవనీ" అన్నాను వాణ్ణి భుజాన వేసుకుని. నా చెవిలో వాడు ఇంకా గట్టిగా అందుకున్నాడు. "ఏడవని బిడ్డ మా ఇంట్లో ఉండె, సిన్నమ్మా."