అమ్మ చేసిన సిమెంటు ఆవు

మా వీధిలో కొత్తగా కడుతున్న ఇంటి గోడలకి పొద్దున్నే నీళ్లు పడుతుంటే తడి సిమెంటు వాసన మా వంటింట్లోకి వస్తుంది. అది తగిలితే చాలు, తొంభైల్లో పుంగనూరులో మా పెరడు కళ్లముందుకొస్తుంది, వెంటే ఒళ్లు మండుకొస్తుంది.

నాయనకు సిమెంటు అంగడి ఉండేది. చినిగిన మూటల్లోంచి రాలిన సిమెంటును అమ్మ ఎత్తిపెట్టుకుని, ఎండాకాలం సెలవుల్లో మా చేత ఇసుక జల్లెడ పట్టించి, కడ్డీలు వంచి, వాటికి ఇనుప జాలీ చుట్టి, దానిపైన తాపీతో మెత్తి మెత్తి కొంగల్నీ, కుందేళ్లనీ, తామరపువ్వు తొట్లనీ చేసేది. ఉగాదికి ఓళిగలు తట్టే చేతులే అవి. అదే ఒడుపుతో కుందేలు చెవులు పల్చగా లాగేవి. వాటికి తడి గోనెపట్టాలు కప్పి మేం వంతులేసుకుని నీళ్లు చల్లేవాళ్లం, చెనిక్కాయలు ఒలుచుకు తింటూ ఒకరినొకరం తడుపుకునేవాళ్లం, ఆరని కొంగ మీద చెయ్యేస్తే వీపు విమానం మోతే. ఇరుగుపొరుగు వాళ్లు మాత్రం "ఆడోళ్లకు పొద్దుపోని పని" అనేవాళ్లు. పొద్దుపోని పనంట! ఆ ఎండలో ఒక్కపూట కూర్చుని చేసుంటే తెలిసేది.

ఒకసారి మదనపల్లె నుంచి టమాటా మండీ ఓనరొకాయన వచ్చి, తన కొత్త బంగళా తోటలోకి నిజం ఆవంత సిమెంటు ఆవు కావాలన్నాడు. అమ్మ సంబరం చూడాలి! పెరట్లో కట్టేసిన మా ఆవు పక్కన నిలబడి, అది తన నడుము దాకా వస్తుందని చూసుకుని, సరిగ్గా అంతెత్తునే చేసింది. పుంగనూరు ఆవులు పొట్టివి. పుట్టినప్పటినుంచీ వాటినే చూసిన మాకు ఆవంటే అంతే. ఎంతెత్తు కావాలని ఆయన్ని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. గంగడోలు మడతలు, నేలకు తగిలే తోక, పిలిస్తే విన్నట్టు ఒక పక్కకి తిప్పిన చెవి, అన్నీ పెట్టింది.

ఆయనొచ్చి చూసి పగలబడి నవ్వాడు. "ఏందమ్మా, ఆవును సెయ్యమంటే దూడను సేసిపెట్టినావు?"

"మా ఆవులు ఇంతేనప్పా ఉండేది," అంది అమ్మ.

ఆయన నాయన వైపు తిరిగాడు. "కాళ్లు పొడుగు సేపించు, తీసకపోతా."

నాయన అమ్మ ముఖమైనా చూడలేదు. "దాందేముందన్నా, సేపిస్తా," అనేశాడు.

మర్నాడు అమ్మ చౌడేపల్లెలో చుట్టాల పెళ్లికి పోయింది. నాయన మేస్త్రీని పిలిపించి, ఆవు కాళ్లు కోయించి, నాలుగు పొడుగాటి దిమ్మెల మీద నిలబెట్టించాడు. వద్దు నాయనా అని మేం ఏడిస్తే నోరు మూసుకోమన్నాడు. ఎంత అన్యాయం! పెళ్లాం చేసిన బొమ్మ కాళ్లు కోయించడానికి ఆ మనిషికి మనసెట్లా ఒప్పింది? సాయంత్రం అమ్మ వచ్చి, మంచం కాళ్ల మీద నిలబడ్డట్టున్న ఆ ఆవును చూసింది. తాపీ కడుక్కొచ్చి మేస్త్రీ చేతికిచ్చింది. "నీకే పనికొస్తాదప్పా, తీసకపో." అప్పుడు అమ్మ అరిచుంటే నాకింత కోపం మిగిలేది కాదేమో.

ఇప్పుడు పుంగనూరావంటే జనం ఎగబడుతున్నారు. పొట్టిదైతేనే ముద్దంట, ఒళ్లో పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. చూసినప్పుడల్లా కడుపు మండిపోతుంది. నాయన పోయాడు, అంగడి లేదు, ఆ పెరట్లో ఎవరిదో మేడ లేచింది. అమ్మ నా దగ్గరే ఉంది. పోయిన నెల ఉండబట్టలేక సిమెంటు మూట, తాపీ తెచ్చి ఆమె ముందు పెట్టి, "మా, ఒక్క కుందేలు చెయ్ మా," అన్నాను.

అమ్మ వంగి మూటను చేత్తో తట్టి చూసింది.

"మంచి సిమెంటే. బాత్రూం మెట్టు పగిలుండాది, మేస్త్రీని పిల్సి దానికి పూపించు."