లైనక్స్‌లో ఈరన్న లారీ

ఆదోని మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాది లారీ స్పేరు పార్టుల కొట్టు. నా గోడకు ఆనుకున్న గదిలో శివజ్యోతి గేమ్ సెంటర్. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు ఆ గదిలోంచి తుపాకుల మోతలు, బ్రేకుల కీచులు, మధ్యమధ్య పిల్లకాయల కేకలు. క్లచ్ ప్లేటు కోసం వచ్చిన మనిషి ఏమడుగుతున్నాడో నాకు వినపడేది కాదు. ఆ సెంటర్ నడిపే పిల్ల మీద నేను అరవని రోజు లేదు. అయినా ఈ కథ ఆమె గురించే రాస్తున్నాను. మా వీధిలో ఇంతటి సంబరం నాకు తెలిసి ఇంకొకటి జరగలేదు.

శివజ్యోతి వాళ్లది కౌతాళం పక్క పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు తల్లి హంపమ్మ, తండ్రి గోపన్న మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయేవాళ్లు. పిల్లను మాత్రం హాస్టల్లో పెట్టి చదివించారు. ఆమె డిప్లొమా చేసి, బెంగుళూరులో కంప్యూటర్లు బాగుచేసే చోట పనిచేసింది. అక్కడి ఆఫీసులు బతికున్న కంప్యూటర్లను కూడా పాతబడ్డాయని చెత్తలో వేస్తుంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదట. వాటిలో మంచివి ఏరుకుని ఒకరోజు లగేజీ ఆటోలో ఆదోనికి వచ్చి దిగింది. హంపమ్మ పెళ్లి మాట ఎత్తితే, "ముందు ఇవన్నీ ఆడనీమ్మా" అంటుందట. ఆ గోడు చెప్పుకోవడానికి హంపమ్మ నా కొట్టు ముందు నిలబడేది. సందు దొరికింది కదా అని నేను నా చెవుల గోడు ఆమెకు చెప్పుకునేవాణ్ని.

ఆ గేమ్ సెంటర్లో ఒక మూల పాత లారీ సీటు వేసి, దాని ముందు సెకండ్‌హ్యాండులో కొన్న ఒక స్టీరింగును, కింద పెడళ్లను బిగించింది. లారీ తోలే ఆట ఒకటుంది, దానికోసం. ఆ స్టీరింగ్ లోపల మోటారు ఉంటుంది. ఆటలో లారీ మలుపు తిరిగితే స్టీరింగ్ మన చేతులను వెనక్కి లాగుతుంది, గుంతలో పడితే అదురుతుంది. పిల్లకాయలకు తుపాకులే ముద్దు కాబట్టి అటువైపు చూసేవాళ్లు కాదు. ఆ సీటు పెద్ద ఈరన్నది.

ఈరన్న నా పాత ఖాతాదారు. పత్తి బేళ్లు వేసుకుని కోయంబత్తూరు దాకా, ఉల్లిగడ్డలు వేసుకుని మద్రాసు దాకా తోలిన మనిషి. నా కొట్లో ఏ పార్టు కొన్నా ముందు చేత్తో తడిమి చూసి, "ఇది నకిలీ, లోపల పెట్టు" అనేవాడు. కోపమొచ్చేది కానీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తేరుకుంది, కాలు తేరుకుంది. ఎడమ చెయ్యి కదులుతుంది గానీ ఏది తాకినా తెలియదు. ఒకసారి టీ గ్లాసు పట్టుకుని వేళ్లు కాలుతున్నా చూసేదాకా తెలియలేదు. ఆ చేతికి రోజూ పని చెప్పండి, మానేస్తే మొద్దుబారిపోతుంది అన్నాడు కర్నూలు డాక్టరు. ఇంట్లోవాళ్లు రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, నేనేమన్నా చంటిపిల్లోణ్ణా అని విసిరికొట్టాడు. కానీ జ్యోతి స్టీరింగ్ దగ్గరికి మాత్రం రోజూ వచ్చేవాడు.

ఒకరోజు నా కొట్లోకి వచ్చి, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. "శీనప్పా, స్టీరింగ్ అదిరితే ఈ చేతికి రవ్వంత తెలుస్తాండాది. యాడో దూరంగా మోటారు ఆడినట్ల ఉండాది," అన్నాడు.

ఆ రోజు పక్కగది మోతల మీద అరవలేదు.

దసరాకు ముందు జ్యోతి నా కొట్లోకి పరుగున వచ్చింది. కళ్లు వెలిగిపోతున్నాయి. ఆమె దగ్గరున్న విండోస్‌కు అక్టోబరుతో కంపెనీ మద్దతు ఆపేస్తోంది, కొత్త విండోసేమో అంత పాత కంప్యూటర్లలో ఎక్కదు. ఇంకొకరైతే తలపట్టుకుని కూర్చుంటారు. ఈమె మాత్రం లాటరీ తగిలినట్టు వచ్చింది.

"అన్నా, అన్ని మిషన్లకూ లైనక్స్ ఎక్కిస్తాండా," అంది.

"ఏ కంపెనీది?"

"ఏ కంపెనీదీ గాదు. అందరిదీ. ప్రపంచంలో యాడాడోళ్లో కూచ్చోని రాస్తాంటారు. ఎవరైనా తీసుకోవచ్చు, దుడ్లు ఇయ్యాల్సిన పనిల్యా."

"ఊరికే వచ్చేదానికి గ్యారంటీ ఎవరిస్తారమ్మా? రేపు చెడిపోతే ఎవరి గొంతు పట్టుకుంటావు?" అన్నాను. పార్టులమ్మేవాణ్ని, నా లెక్క నాది.

ఆమె నవ్వి, స్టూలు లాక్కుని నాకు పాఠం మొదలుపెట్టింది. విండోస్ కోసం చేసిన ఆటలు లైనక్స్‌లో ఆడడానికి ప్రోటాన్ అనేది ఒకటుందట. కన్నడం మాట్లాడే సేటుకూ మన రైతుకూ నడుమ దళారి నిలబడినట్టు, ఆట ఒక మాట అంటే అది లైనక్స్‌కు అర్థమయ్యేలా చెబుతుందట. చేతిలో పట్టుకుని ఆడుకునే యంత్రాలు కూడా లైనక్స్‌తో వచ్చేశాయట, వాటి పుణ్యాన వేల ఆటలు ఆడుతున్నాయట. కొన్ని తుపాకి ఆటలు మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. దొంగాట ఆడేవాళ్లను పట్టుకునే కాపలా ప్రోగ్రాం లైనక్స్ అంటే గేటు తీయదట.

"తీస్తారు లే అన్నా. జనం ఇటుపక్క పెరిగితే వాళ్లే వస్తారు. ఇంగ రాబోయే కాలమంతా ఇదే," అంది.

సెలవుల్లో గది మూసి పని ముగించింది. ఆయుధపూజ రోజు మామిడాకులు కట్టి షట్టర్ ఎత్తింది. స్క్రీన్లన్నీ కొత్త రంగుల్లో ఉన్నాయి. పిల్లకాయలు ఆటలు తెరిచి చూసి, ముందుకంటే జోరుగా ఉన్నాయని గంతులేశారు. ఈరన్న తలకు నూనె పెట్టుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. స్టీరింగ్ పూజ తాను తప్ప ఇంకెవరూ చేయడానికి వీల్లేదన్నాడు. లారీకి చేసినట్టే చేశాడు. స్టీరింగ్ నడిబొడ్డున గంధం, దాని మీద దోసెడు కుంకుమ, పెడళ్ల కింద నిమ్మకాయలు, కొట్టిన టెంకాయ నీళ్లు పైనుంచి చిలకరింపు. హంపమ్మ హారతిచ్చింది.

తర్వాత ఆయన సీట్లో కూర్చుని లారీ స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ గాలిలో తిరిగినట్టు తిరిగింది. బరువు లేదు, లాగడం లేదు, అదురు లేదు. పైగా లారీ ఉన్నట్టుండి ఎడమపక్కకు దూకుతోంది. రోడ్డు పక్క కంచెను గుద్దుకుంది, మళ్లీ గుద్దుకుంది. పిల్లకాయలు కిసుక్కున నవ్వారు.

ఈరన్న లేచాడు. "దీంట్లో ప్రాణం ల్యా పాపా. ఊరికే వచ్చింది ఇట్లే ఉంటాది," అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆయన లారీల స్టాండు దగ్గర కనిపించాడు. పలకరించి కూర్చున్నాను. ఎడమ చెయ్యి చొక్కా జేబులో ఉంది. ఎట్లా ఉందని అడిగితే జేబులోంచి తీసి చూపించాడు. "మళ్ల కట్టె అయిపాయె శీనప్పా. జేబులో ఉంటే ఉండాదో లేదో చూసుకోవాల," అన్నాడు. ఆ మాట నన్ను కోసేసింది. తిన్నగా జ్యోతి దగ్గరికి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పంతానికి ముసలాయన చెయ్యి పోతోంది, ఆ ఒక్క మిషన్‌కు పాతది పెట్టేయ్ అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు తెల్దా అన్నా? ఆయప్ప కోసమే కూచ్చున్నా. చేతులైతే ముడుచుకోల్యా. పాతదానికి కంపెనీ కాపలా తీసేసింది, మళ్ల పెడితే వైరస్‌లు దూరతాయి. ఈ స్టీరింగ్ కంపెనీ లైనక్స్‌కు ఏమీ చేయల్యా. ఎవరో ఒకరు చేయాల. చేసే మనిషి దొరికినాడు," అంది.

అట్లా ఇంటర్నెట్‌లో దొరికిన మనిషి పేరు తొమాష్, ఉండేది పోలండ్‌లో. పగలు ఏదో ఉద్యోగం, ఖాళీ దొరికితే కంపెనీలు పట్టించుకోని స్టీరింగులకు లైనక్స్‌లో పనిచేసే డ్రైవర్లు రాయడం. డ్రైవర్ అంటే మన ఈరన్న లాంటి వాడు కాదు, స్టీరింగుకూ కంప్యూటరుకూ నడుమ మాట కలిపే ప్రోగ్రాం. ఆయన దగ్గర ఇలాంటి స్టీరింగ్ లేదు. విండోస్ దానికి ఏ మాటలు చెబితే మోటారు లాగుతుందో రికార్డు చేసి పంపితే రాస్తానన్నాడు. జ్యోతి కొత్త విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఒక పూటకు అడిగి తెచ్చి, స్టీరింగ్ తగిలించి, ఆ రెంటి నడుమ నడిచిన సంభాషణంతా పట్టి పంపింది. అతను రాసి పంపడం, ఈమె పెట్టి చూడడం, పనిచేయలేదని చెప్పడం, మళ్లీ అతను రాయడం. వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. నేను కొట్టు సర్దుతూ సర్దుతూ, తెలియకుండానే రోజూ ఆ గదిలోకి తొంగిచూడడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం గోడ అవతల కెవ్వున కేక వినిపించింది. షాకు కొట్టిందేమోనని పరుగెత్తాను. జ్యోతి స్టీరింగ్ పట్టుకుని నిలబడింది.

"అన్నా, పట్టుకో, పట్టుకో," అంది.

పట్టుకున్నాను. మొండి ఎద్దు పలుపు లాగినట్టు లాగింది. లైనక్స్‌లోనే. నాకు ఆనందం ఆగక ఆ పిల్ల నెత్తిన మొట్టాను.

అయితే లారీ ఎడమపక్కకు దూకడం మాత్రం ఆగలేదు. తొమాష్ ఎంత వెతికినా తన రాతలో తప్పు కనిపించలేదు. చివరికి జ్యోతి మొదట పంపిన రికార్డునే మళ్లీ తిరగేశాడు. అందులో, అంటే విండోస్‌లో కూడా, స్టీరింగ్ ఉన్నచోటు లెక్క అక్కడక్కడా ఎగిరిపడుతోంది. తప్పు లైనక్స్‌దీ కాదు, విండోస్‌దీ కాదు, మీ స్టీరింగ్ విప్పి లోపలి ఫోటో పంపండి అన్నాడు. జ్యోతి విప్పి, ఫోటో తీసి పంపింది. జవాబు వెంటనే వచ్చింది. ఆమె నాకు చదివి చెప్పింది. "లోపల ఆ ఎర్ర పొడి ఏమిటి? తుప్పా? నేను ఏ స్టీరింగ్‌లోనూ ఇలాంటిది చూడలేదు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇరుసు పక్క సందులోంచి టెంకాయ నీళ్లతో పాటు కుంకుమ దిగి, స్టీరింగ్ ఎంత తిరిగిందో వెలుతురుతో చూసి చెప్పే కన్ను మీద గడ్డకట్టి కూర్చుంది. నేను నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. పాత విండోసే ఉంచినా ఆ లారీ కంచెను గుద్దేదే. దేవుడికి పెట్టిన బొట్టు గురించి జ్యోతి ఆ పోలండ్ మనిషికి ఏం రాసిందో గానీ, అతను లారీ మెడలో పూలదండ వేసిన బొమ్మ ఒకటి గీసి పంపాడు.

ఆదోనిలో దూదికి కరువా. స్పిరిటు నేనే నా కొట్లోంచి తెచ్చాను. ఆమె తుడుస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. బిగించి చూస్తే లారీ గీత గీసినట్టు పోయింది. తొమాష్ తన డ్రైవర్‌ను అందరికీ పోయే లైనక్స్ అసలు మూటలో కలపమని దాన్ని చూసుకునే పెద్దలకు పంపుతూ, కింద "పరీక్షించినవారు శివజ్యోతి" అని పేరు వేశాడు. ఒప్పుకుంటే ప్రపంచంలో ఇలాంటి స్టీరింగ్ ఎవరు తగిలించినా ఊరికే పనిచేస్తుందట. హంపమ్మకు ఆ పేరు తెర మీద చూపిస్తే, ఇంగ్లీషు రాకపోయినా చాలాసేపు చూసింది. నేను మిఠాయి తెచ్చి మా వీధి కొట్లన్నిటికీ పంచాను. ఏం సందర్భమని అడిగినవాళ్లకు చెప్పడం రాక, "మన పిల్ల లారీకి రిపేరు చేసింది" అన్నాను.

ఈరన్నను పిలవడానికి నేనే వెళ్లాను. రానన్నాడు. "మళ్ల అందరి ముందర కంచె గుద్దమంటావా?" అన్నాడు. కుంకుమ సంగతి చెప్పాను. ఆయన మీసం తిప్పుకుని, "నా లారీలు ఎన్ని దసరాలకు ఎంత కుంకం తిన్యా? తట్టుకోల్యాకపోతే అదేం స్టీరింగప్పా," అన్నాడు. నాకు చిర్రెత్తింది. "పార్టు చెడ్డదో మంచిదో తడిమి చూడకుండా ఎప్పుడైనా చెప్పినావా నువ్వు? లెయ్," అన్నాను. అప్పుడు లేచాడు.

సీట్లో కూర్చున్నాడు. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు. గదిలో ఆటలన్నీ ఆగిపోయాయి. గేరు వేశాడు. మొదటి మలుపులోనే స్టీరింగ్ వెనక్కి లాగింది, ఆయన భుజాలు పాత కాలంలోలా బిగుసుకున్నాయి. జ్యోతి నా చొక్కా పట్టుకుని నిలబడింది. తారురోడ్డు నున్నగా సాగుతోంది.

ఇంతలో లారీ ఎడమ చక్రాలు రోడ్డు దిగాయి. రాళ్లూ గుంతలూ. స్టీరింగ్ దడదడమని అదిరింది. మళ్లీ దూకిందే అనుకుని జ్యోతి కళ్లు మూసుకుంది. కానీ లారీ దూకలేదు, ఈరన్నే కావాలని దించాడు. ఆయన తెర వైపు చూడటం లేదు, తన ఎడమచేతి వైపు చూస్తున్నాడు. మెల్లగా కుడిచెయ్యి స్టీరింగ్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్క ఎడమచేత్తోనే ఆ గుంతల మీద లారీని నడిపించుకుంటూ పోయాడు.

"తగులుతాండాది శీనప్పా," అన్నాడు.