మామ్మ బ్యాగులో రెండో పిడికెడు

హ్యాండు బ్యాగులు ఎంచుకోవడానికి గనక నోబెల్ బహుమతి ఉంటే, అది మా మామ్మ ప్రిస్కిల్లాకి తప్ప ఇంకెవరికీ రాదు. మా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు రెండు నిమిషాలే ఆగుతుంది కాబట్టి, తెచ్చినవాళ్ళు దిగే శ్రమ పడకుండా కిటికీలోంచి అందించేసి పోవచ్చు. మామ్మ ఏమీ అనుకోదు. కాకపోతే ఆ పతకం పెట్టిన పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి జిప్పేదీ?" అని అడుగుతుంది.

నేను ఇంటరు రెండుసార్లు తప్పినదాన్ని. నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదని నాకు తెలుసు. కానీ ఈ ఒక్క విషయంలో నాకున్న అనుభవం ఏ కాలేజీలోనూ చెప్పరు. పదేళ్ళుగా మామ్మ వెనకాల బ్యాగుల షాపులు తిరిగి నా కాళ్ళు అరిగిపోయాయి. ఇన్నాళ్ళలో ఒక్క బ్యాగు, ఒక్కటంటే ఒక్కటి, నా భుజానికి తగిలించుకోనిచ్చిందా? లేదు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

మామ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దొరసాని డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ నల్లతోలు హ్యాండు బ్యాగు ఒకటి ఇచ్చి వెళ్ళిందట. ఆ రోజు పట్టిన పిచ్చి యాభై ఏళ్ళయినా దిగలేదు. చీర వెలిసిపోయినా కట్టుకుంటుంది. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటుంది. బ్యాగు మాత్రం డిజైనరుదే కావాలి. ఏడాదికొకటి. విశాఖపట్నం మాల్లో తగ్గింపు పెట్టారని తెలిస్తే చాలు, పొద్దున్న పాసింజరుకే నన్ను లాక్కుపోతుంది.

అక్కడ మా పరువు ఎలా పోతుందో చెబుతాను. అద్దాల్లో మన మొహం కనిపించేంత నున్నటి షాపు. గొంతెత్తకుండా మాట్లాడే అమ్మాయిలు. మామ్మ ఒక బ్యాగు తీసుకుని ముందు వాసన చూస్తుంది. తర్వాత జిప్పు ముప్పైసార్లు లాగుతుంది, బయటికి లెక్కపెడుతూ. ఆ తర్వాత చేతిసంచిలోంచి ఇంటి దగ్గర కట్టుకొచ్చిన రెండు కేజీల బియ్యం మూట తీసి విప్పి, ఆ బ్యాగులో పోసేస్తుంది.

"మేడమ్! మేడమ్! ఏం చేస్తున్నారు?"

"కుట్టు సూస్తన్నానమ్మా. గింజ కారకపోతే కుట్టు మంచిదని."

"ఇది పార్టీలకి మేడమ్. ఇందులో లిప్‌స్టిక్కు, ఫోను పెట్టుకుంటారు."

"ఆ రెండింటికీ ఇంత బ్యాగెందుకు? జాకెట్లో ఎట్టుకోవచ్చు గదా!"

తర్వాత ఆ బ్యాగు భుజాన వేసుకుని షాపు చుట్టూ మూడు ప్రదక్షిణాలు. సెక్యూరిటీ అతను వెనకాలే. నేను మాత్రం ఎవరో తెలియనిదానిలా బెల్టుల దగ్గర నిలబడతాను. అది కుదరనివ్వదు కదా!

"ఒసే షాలినీ! ఇలా రా. మూలల్లో గింజలేటైనా ఉండిపోయాయేమో సెయ్యెట్టి సూడు. నా ఏళ్ళు వంగవు."

షాపు షాపంతా తిరిగి నావైపు చూస్తుంది. ఇంటరు తప్పిన రోజు కూడా నాకంత సిగ్గు వేయలేదు.

పోనీ కొన్నాక ఊరుకుంటుందా? బిల్లు రాస్తుండగానే కళ్ళు పక్క అరమీదకి పోతాయి. "వచ్చే ఏటికి ఆ పచ్చది బాగుంటాదేమోనే." రైల్లో కూర్చుని కొత్త బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, తర్వాతి బ్యాగు గురించి మాట్లాడుతుంది. పేపర్లో బ్యాగుల ప్రకటనలు కత్తిరించి బైబిల్లో దాచుకుంటుంది. ఒక ఆదివారం మా నాన్న గుళ్ళో వాక్యం చదవడానికి తొందరలో మామ్మ బైబిలు పట్టుకెళ్ళి తెరిచాడు. యెషయా ప్రవక్త మీద ఎర్రతోలు బ్యాగు, సగం ధరకి. నాన్న కళ్ళజోడు సవరించుకుని, నీళ్ళు తాగి, కీర్తనలకి తిప్పితే అక్కడ ఇంకోటి.

ఇన్ని జాగ్రత్తలు పడి కొన్న బ్యాగు ఏడాది తిరక్కుండా చచ్చిపోతుంది. అది నాకింకా మంట. పట్టీ తెగుతుంది, లేకపోతే అడుగు జారుతుంది. స్టేషను రోడ్డులో చెప్పులు కుట్టే జగన్నాధం తాతకి మా బ్యాగులన్నీ పేరుపేరునా తెలుసు.

"నర్సమ్మగారూ, ఇందులో ఇటికలు మోస్తన్నారేటి?"

"నీకెందుకు? గట్టి దారంతో కుట్టు."

మా అమ్మ బాధ వేరు. మా సంఘంలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. అన్నం వండేటప్పుడు బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి పట్టుకెళ్ళి దేవుడికిచ్చేస్తారు. అందరిళ్ళల్లో ఒక పిడికెడు. మా ఇంట్లో మామ్మ రెండు తీస్తుంది. రెండోది మంచం కింద ఇంకో కుండలోకి పోతుంది.

"అత్తా, దేవుడు ఒక్క పిడికెడే కదా అడిగాడు?" అంటుంది అమ్మ.

"ఆయనడక్కపోతే మనం ఊరుకోవాలేటి?"

ఆ రెండో కుండలో బియ్యం కోళ్ళకనుకునేవాళ్ళం. మాకు కోళ్ళు లేవన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మా ఇంట్లో ఇంటరు తప్పింది నేనొక్కదాన్నే గానీ, మిగతావాళ్ళు ఏం వెలగబెట్టారని!

ఇక నా నేరం సంగతి. మా స్నేహితురాలు హేమకి రాజాంలో నిశ్చితార్థం. నా దగ్గర మంచి చీర ఉంది, గాజులున్నాయి, బ్యాగు లేదు. మామ్మకేమో వంకాయరంగు కొత్త బ్యాగు, బంగారు గొలుసు పట్టీది. అడిగాను.

"ఒక్కరోజుకి మామ్మా."

"ఇవ్వను."

"పెళ్ళివారింటికి ప్లాస్టిక్కు కవరు పట్టుకుని ఎల్లమంటావా?"

"సేతులూపుకుంటా ఎల్లు. అందంగుంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. శనివారం పొద్దున్న మామ్మ స్నానానికి వెళ్ళగానే, గుమ్మం పక్కన మేకుకి తగిలించి ఉన్న ఆ బ్యాగు తీసుకుని బస్సెక్కేశాను. భుజం లాగేస్తోంది. ఖరీదైన బ్యాగు కదా, ఖరీదంతా బరువులోనే ఉంటుందనుకున్నాను. నా తెలివి అంత.

రాజాంలో నేను నడుస్తుంటే అందరూ బ్యాగునే చూశారు. ఆ సుఖం సరిగ్గా గంటసేపు. తాంబూలాలు మార్చుకుంటుండగా పెళ్ళికొడుకు తల్లి, "ఎవరి దగ్గరైనా పిన్నీసుందేటమ్మా?" అంది. ఇంత బ్యాగు పెట్టుకుని ఊరుకుంటానా? వయ్యారంగా ముందుకెళ్ళి జిప్పు సర్రున లాగాను. తెల్లగా, నిండుగా, బియ్యం.

అంతలో హేమ మేనత్త గున్నమ్మగారు లోపలికి తొంగి చూసి మురిసిపోయింది. "ఓలమ్మో! ఈ గుంట అచ్చింతలట్టుకొచ్చినాదే!"

"పసుపేదీ?" అంది ఇంకొకావిడ.

"కిరస్తానీ పిల్ల, దానికేటి తెలుస్తాది? మనసుండాలి గానీ!"

అంతే. పదిమంది చేతులు పెట్టారు. నేను వద్దనేలోపు మామ్మ బియ్యం గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా హేమ నెత్తిమీద, పెళ్ళికొడుకు నెత్తిమీద, ఫోటోలు తీసేవాడి కెమెరా మీద పడిపోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఖాళీ బ్యాగుతో మధ్యాహ్నం బస్సెక్కాను.

మామ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ లేనిది, కేకలు వేయలేదు. బ్యాగు అందుకుని ఎత్తి చూసింది.

"బియ్యమేవీ?"

"హేమ నెత్తి మీద."

"మొత్తవా?"

"గున్నమ్మగారి గుప్పిడి పెద్దది మామ్మా."

మామ్మ గడియారం వైపు చూసింది. లోపలికెళ్ళి అమ్మ డబ్బాలోంచే బియ్యం కొలిచి బ్యాగులో పోసింది. అమ్మ డబ్బా అందుకుని ఎంత మిగిలిందో తొంగి చూసుకుంది.

"నాలుగైపోయినాది. పొద్దున్న తొమ్మిదికి ఎల్లాల్సినది. నడు, నువ్వే మొయ్యి. అక్కడ వంటింటి గట్టు మీద ఎట్టేసి బేగి ఇవతలకి రా. నోరెత్తావంటే సూడు."

పాత రైసుమిల్లు వెనక వీధిలో త్రిపురసుందరిగారి ఇల్లు. ఆవిడ వీణ టీచరు, ఒంటరి మనిషి. నలభై ఏళ్ళ కిందట మామ్మ ఆవిడ దగ్గర నాలుగు రోజులు సంగీతం నేర్చుకుంది. అయిదో రోజు ఆవిడే చేతులు జోడించి, "మనం స్నేహంగా ఉండిపోదాం ప్రిస్కిల్లా" అందట. ఇప్పుడు పిల్లలు ఫోనులో చూసి నేర్చేసుకుంటున్నారు. ఆవిడ అరుగు మీద చెప్పులు విడిచే వాళ్ళు తగ్గిపోయారు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం డబ్బా మూత తీసి పక్కన పెట్టి ఉంది. అడుగున పరిచిన పేపరు కనిపిస్తోంది. పొయ్యి మీద గిన్నె లేదు. హేమ నెత్తిమీద పడ్డ గింజలన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు రాలాయి. బ్యాగు గట్టు మీద పెట్టి వచ్చేశాను.

వసారాలో ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

"ఇంత ఆలస్యం ఏమిటే? పొద్దుట్నుంచి కూర్చున్నాను."

"ఈ గుంట బ్యాగట్టుకుని ఊరేగింపుకెల్లినాది. అదలగుండనీ సుందరమ్మా, కొత్త పాట నేర్సుకున్నాను. ఇను."

"వద్దే బాబూ. మంచినీళ్ళు తెస్తానుండు" అంటూ ఆవిడ లోపలికి లేచింది. ఆవిడ వెళ్ళిన మరుక్షణం మామ్మ గొంతెత్తి క్రైస్తవ కీర్తన అందుకుంది. ఎదురింటి కుక్క లేచి పోయింది. నేను చెవులు మూసుకోబోయాను. అప్పుడు వినిపించింది, ఆ పాట అడుగున, డబ్బాలోకి బియ్యం జారుతున్న చప్పుడు. చప్పుడు ఆగేదాకా మామ్మ పాడింది. ఆగగానే ఆపేసింది, చరణం మధ్యలో.

ఆవిడ ఒక చేత్తో మంచినీళ్ళు, ఒక చేత్తో బ్యాగు పట్టుకుని వచ్చింది. "బ్యాగు వంటింట్లో మర్చిపోయావు ప్రిస్కిల్లా. శ్రుతి కూడా ఎక్కడో మర్చిపోయావు."

"నా మతిమరుపు మండా!"

బ్యాగు తేలిగ్గా ఉంది. లోపల కరివేపాకు కట్ట, చిన్న సీసాలో ఇంగువ వేసిన నిమ్మకాయ ఊరగాయ. మా పాత బ్యాగులన్నీ ఇంగువ కంపు ఎందుకు కొడతాయో పదేళ్ళకి తెలిసింది నాకు.

దారిలో అడిగాను. "సంచిలో ఇవ్వొచ్చు కదా మామ్మా?"

"సంచట్టుకుని ఎల్తే, ఎవరికే, ఎందుకే అని వీధంతా అడుగుతాది. హ్యాండు బ్యాగులో ఏటున్నాదని ఎవులడుగుతారు? సుట్టపుసూపుకి ఎల్లినట్టుంటాది."

"కవర్లో పోసి బ్యాగులో పెట్టుకోవచ్చుగా?"

"కవరు సప్పుడు సేస్తాది."

"మరి డిజైనరుదే ఎందుకు?"

"నాకిష్టం. ఏం, నేను మనిషిని గానా?"

వీణ టీచరుగారి పేరూ వీధీ మార్చేసి రాశాను, వెతక్కండి. రాసిందంతా నిన్న మామ్మకి చదివి వినిపించాను. చివర, "నువ్వు ఇంత మంచిదానివని లోకమంతా తెలుసుకోవాలి మామ్మా" అన్నాను. మామ్మ పేపర్లోంచి పచ్చ బ్యాగు బొమ్మ కత్తిరిస్తూ, తలెత్తకుండానే అంది:

"మంచీ లేదు, మట్టీ లేదు. రేపట్నుంచి ఆ రెండో పిడికెడు నువ్వు తియ్యి. నీ సెయ్యి పెద్దది."