బాబాయి నోట ఆమేన్ రాని రోజులు

మా బాబాయి కాలిపోయిన మోటార్లు బాగుచేస్తాడు. మాడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. పక్క గదిలోనే నా జిరాక్స్ షాపు. మధ్యలో చెక్క గోడే కాబట్టి అక్కడ అనే ప్రతి మాటా నాకు వినపడుతుంది.

చర్చిలో ఆయన్ని ఆమేన్ బాబాయి అంటారు. ప్రసంగం మధ్యలో పాస్టరయ్యగారు ఆగి ఆయన వైపు చూసేవారు. బాబాయి గొంతెత్తి ఆమేన్ అంటే కిటికీ రెక్కలు అదిరేవి. ముందు వరసలో కునుకు తీసే పెద్దమనుషులు ఉలిక్కిపడి, భక్తిగా పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునేవాళ్ళు.

ఒక ఆదివారం ఆ ఆమేన్ రాలేదు. ఇంట్లో జబ్బు లేదు, చావు లేదు. షాపు బాగానే నడుస్తోంది. కానీ కొన్నాళ్ళుగా ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంటోందట. పొద్దున్నే మోకరిస్తే మోకాళ్ళ నొప్పి తప్ప ఇంకేమీ తెలియడం లేదట.

"ఇన్నేళ్ళూ దేవుడు పక్కన ఉన్నట్టుండేవాడమ్మా. ఏం తప్పు చేశానో చెప్పి వెళ్ళినా బాగుండేది" అన్నాడు నాతో.

ఆ మాట చర్చిలో పొక్కింది. ఇక మొదలైంది ఓదార్పు. బెల్లం ముక్కకి ఈగలు కూడా అంత తొందరగా రావు.

ముందు చర్చి సెక్రటరీ వచ్చాడు. పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి. కుర్చీ మీద రుమాలు పరిచి కూర్చున్నాడు.

"ఏదైనా రహస్య పాపం ఉందా? నా దగ్గర దాచకు."

బాబాయి నిజంగానే ఆలోచించాడు. ఆయన అలాంటి అమాయకుడు. "మొన్నొకాయన ఫ్యాను ముట్టుకోకుండానే, అయిపోవచ్చిందని చెప్పానండి."

"అది కాదయ్యా. కాస్త పెద్దది."

"పెద్దవి లేవండి."

సెక్రటరీ ముఖం వాడిపోయింది. పెళ్ళిభోజనానికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడిలా లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత నూనెసీసా అత్తయ్య. స్త్రీల ప్రార్థన గుంపుకి ఆవిడే పెద్ద. తలనొప్పి దగ్గర్నుంచి అమ్ముడుపోని స్థలం దాకా అన్నిటికీ ఆవిడ దగ్గర మందు ఒకటే, సంచిలోని ప్రార్థన నూనె. బాబాయి తలమీద ధారగా పోసి, "కరెంటు వస్తూనే ఉంది తమ్ముడూ, నీ మోటారే తిరగట్లేదు. విశ్వాసం చాలట్లేదు" అంది. ఆ ఉపమానం తనకొక్కదానికే తట్టిందని మురిసిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ అదే చెప్పారు. బాబాయి దర్జీ అయ్యుంటే సూదీ దారమూ అనేవాళ్ళు. నూనె మరక మాత్రం ఎంత ఉతికినా పోలేదు.

అంతటితో వదల్లేదు. విశ్వాసాన్ని రగిలించడానికి పెట్టే ఉజ్జీవ కూడికలో సెక్రటరీ ఆయన్ని వేదిక మీదకి పిలిచి మైకు పెట్టాడు. "నా హృదయం ఆనందంతో నిండిందని పలుకు. పలికితే అదే నిండుతుంది."

"నిండలేదండి" అన్నాడు బాబాయి, మైకులోనే.

హాలంతా చల్లబడిపోయింది. ఆ తర్వాత బల్ల మీద ఆయన పక్కవాళ్ళు అంటురోగం చూసినట్టు జరిగి కూర్చున్నారు. దేవుడు వదిలేశాడని ఆయన కుమిలిపోతున్నాడు గానీ, వదిలేసినవాళ్ళెవరో నాకు కళ్ళెదుటే కనిపిస్తున్నారు.

మరుసటి ఆదివారం బాబాయి చర్చికి రాలేదు. షాపు తెరిచి కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక పిన్ని నన్ను వెంటబెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చింది.

"అలిగావా?"

"అలక కాదు. ఆయనే నన్ను వదిలేశాక ఎవరి కోసం రావాలి?"

"వదిలేశాడని ఎవరన్నారు, ఆ సెక్రటరీయా? వాళ్ళింటి కుక్క కూడా వాడు పిలిస్తే రాదు. దేవుడి సంగతి వాడికి తెలుసా?"

"మరి పలకట్లేదే."

"పలకడం గురించి నువ్వు మాట్లాడకు. కాపురానికొచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. పెద్ద మోటారొకటి వచ్చిందంటే వారం పాటు నీ నోట మాట ఉండదు. కూరలో ఉప్పు లేకపోయినా తెలియదు. నన్ను వదిలేశావని నేను పుట్టింటికి పోయానా?"

"నేను ఇంట్లోనే ఉంటాగా."

"ఉంటావుగా. మరి?"

తీగ చుడుతున్న బాబాయి చెయ్యి ఆగింది. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

"సిలువ మీద ఆయనా అదే అడిగాడు, నన్నెందుకు వదిలేశావని. ఈ సెక్రటరీ అక్కడుంటే నిచ్చెన వేసుకుని మరీ ఎక్కి, రహస్య పాపం ఉందా అనేవాడు. వీళ్ళు నీకేం చెప్తారు? నిజంగా దేవుణ్ణి విడిచి పోయినవాడు నన్నెందుకు విడిచావని అడగడు. నువ్వింకా అడుగుతున్నావంటే, ఆయన గుమ్మంలోనే ఉన్నావు. లే, సాయంత్రం ఆరాధనకి వెళ్దాం."

"అక్కడా ఏమీ అనిపించకపోతే?"

"ఊరికే కూర్చో. నిన్నెవరూ గంతులెయ్యమనలేదు."

బాబాయి వెళ్ళాడు. చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాడలేదు, ఏడవలేదు. అయినా మళ్ళీ ఆదివారం వెళ్ళాడు. ఆ పైవారమూ వెళ్ళాడు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నూనెసీసా అత్తయ్య ఒక్కతే టేబుల్ ఫ్యాను పట్టుకుని షాపుకొచ్చింది. బాబాయి ప్లగ్ పెడితే శుభ్రంగా తిరిగింది.

"దీనికేమీ కాలేదక్కయ్యా."

"తెలుసు." ఆవిడ నూనెసీసా సంచి బల్ల మీద పెట్టేసింది. "మా ఆయన పోయినప్పట్నుంచీ నాకూ అంతే తమ్ముడూ. ఏమీ లేదు. అందరికీ నూనె పోస్తూ తిరుగుతున్నా."

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషమే వేసింది. బాగా అయిందనుకున్నా. బాబాయి మాత్రం ఫ్యాను ఆపి, స్టూలు తుడిచి ఆవిడ ముందు పెట్టాడు.

"ప్రార్థన చేస్తావా?" అనడిగింది ఆవిడ.

"నాకు సరిగ్గా రావట్లేదు. అయినా చేస్తా, కూర్చోండి."

ఆయన మెల్లగా రెండు మాటలు చెప్పుకున్నాడు, మామూలుగా. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఈ మధ్య సెక్రటరీ, తన ప్రార్థనల వల్లే మా బాబాయి కోలుకున్నాడని సాక్ష్యం చెబుతున్నాడట. చెప్పుకోనీ, ఆ నోటికి వేరే పనేముంది. నేను మాత్రం బాబాయినే అడిగాను, ఇప్పుడు పలుకుతున్నాడా అని.

"ఒక్కోసారి. ఈ వారమైతే లేదు" అన్నాడు, పళ్ళతో తీగ కొస పట్టుకుని. "ఉన్నాడులే."