కామయ్య బావికి ఆధారం

ఆత్మకూరులో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పే దయాసాగర్‌కి నోరు ఆడినంత బాగా కలం ఆడేది కాదు. క్లాసులో కరువు గురించి చెప్పాడంటే వెనక బెంచీ వాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్లు. అదే సంగతి పరిశోధనా వ్యాసంగా రాసి పంపితే పీహెచ్‌డీ గైడుగారు రెండో పేజీ కూడా తిప్పకుండా వెనక్కి పంపేవారు.

తప్పు దయాసాగర్ పెరిగిన తీరులో ఉంది. నాయన వరదయ్య ఉదయగిరి పక్క పల్లెలో క్రైస్తవ సంఘపెద్ద. దయాసాగర్ చిన్నప్పటి నుంచి విన్నదంతా చర్చి ప్రసంగాలూ, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలే. అందుకని వ్యాసం రాసినా మూడు అంశాలు చెప్పి, కళ్లు చెమర్చే మాట ఒకటి వేసి, చివర జనాన్ని మేలుకొమ్మని పిలుపిచ్చేవాడు.

రిటైరైన ఇంగ్లీషు మేష్టారు వెంకటరమణయ్య అది చదివి పడీ పడీ నవ్వాడు. "ఏందయ్యా ఇది, పేపరా ప్రసంగమా? కానుక పళ్లెం తిప్పడం ఒక్కటే తక్కువ!"

నవ్వినవాడే నేర్పాడు. దయాసాగర్ ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన వరండాలో కూర్చునేవాడు. ఒక పేరాలో ఒకే సంగతి ఉండాలి. విశేషణాలు కనబడితే కొట్టెయ్యాలి. ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడ చూశాడో పెన్సిలుతో రాసుకోవాలి. "ఎవరు చెప్పినారు? నువ్వెక్కడ చూసినావు?" అని మేష్టారు వేలు పెట్టి అడుగుతుంటే, మొదట్లో దయాసాగర్‌కి చెమటలు పట్టేవి. ఏడాది తిరిగేసరికి రాత గట్టిపడింది. గైడుగారి నుంచి మొదటిసారి 'బాగుంది' అన్న మాట వచ్చింది. ఆ మాట తలకెక్కింది కూడా.

అప్పుడు రాస్తున్న వ్యాసం 1876లో వచ్చిన ధాత కరువునాటి సర్కారు పనుల గురించి. అందులో వాళ్ల పల్లె బావి ఉంది. ఆ కరువులో బండ తగిలిందని సర్కారు వాళ్లు తవ్వకం వదిలేసి పోతే, వరదయ్య వాళ్ల తాత కామయ్య పల్లె జనాన్ని కూడేసి, ఆ బండను పగలగొట్టి నీళ్లు తెప్పించాడని చెప్పుకుంటారు. కోతల పండగనాడు జనం కొత్త గింజలు గుడికి, అంటే వాళ్ల చర్చికి, తెచ్చి పెట్టాక, వరదయ్య లేచి ఈ సంగతే సాక్ష్యంగా చెప్పి దేవుణ్ణి స్తుతించేవాడు. పల్లె వాళ్లకు అది చెప్పకపోతే పండగే కాదు.

దయాసాగర్ పాత రికార్డుల కోసం నెల్లూరు పోయాడు. వాళ్ల తాలూకా సంపుటం బైండింగుకి పోయిందనీ, నెల దాటాక రమ్మనీ చెప్పారు. వ్యాసం పంపాల్సిన గడువేమో ముంచుకొచ్చేసింది. ఇంటికొచ్చి, 'ఈ బావిని స్థానికులు పూర్తి చేశారనడానికి రికార్డుల్లో ఎలాంటి ఆధారమూ లేదు. ఇది కట్టుకథ' అని ఇంగ్లీషులో రాసేశాడు. సొంత తాతముత్తాతల్ని కూడా విడిచిపెట్టని వాడని గైడుగారు మెచ్చుకుంటారని ఆశ.

"అన్నీ చూసినావా?" అని అడిగాడు వెంకటరమణయ్య.

"చూసినాను సార్" అన్నాడు దయాసాగర్. ఆయన నమ్మాడు.

వ్యాసం ఒక పరిశోధనా పత్రికలో అచ్చయింది. ఆ ఏడు కోతల పండక్కి ఇంగ్లీషు రాని వరదయ్య మురిసిపోయి, పాస్టరు హెన్రీ చేతిలో ఆ పత్రిక పెట్టి, సంఘం ముందు తెలుగులో చెప్పమన్నాడు. వద్దనడానికి దయాసాగర్‌కి బోలెడు సమయం ఉంది. నోరు రాలేదు. పాపం, హెన్రీ ఉత్సాహంగా చదువుతూ చదువుతూ ఆ వాక్యాన్నీ తెలుగులోకి తిప్పేశాడు. తిప్పాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

వరదయ్య సాక్ష్యానికి లేచాడు. "ఈ ఏడు నా మోకాళ్లకు బలం ఇచ్చినాడు దేవుడు. స్తోత్రం" అని, బావి మాటెత్తకుండా కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన కోప్పడి ఉంటే దయాసాగర్ బతికిపోయేవాడు. ఆయన కొడుకును మంచం మీద కూర్చోబెట్టుకుని, మెల్లగా అడిగాడు. "అబ్బయా, ఇన్నేండ్లు నేను దేవుడి ముందర అబద్ధ సాక్ష్యం చెప్పినానా?"

ఆ మాటకు దయాసాగర్ ప్రాణం ఉసూరుమంది. మేష్టారికి చెప్పిన అబద్ధం ఒకెత్తు, నాయన నెత్తిన పెట్టిన పాపం ఒకెత్తు. ఆ వారంలోనే నెల్లూరు బస్సెక్కాడు. బైండింగు నుంచి సంపుటం వచ్చి ఎప్పుడో బీరువాలో చేరింది. ప్రతి పేజీ తిప్పాడు. బావి ఉంది. ఎంతమంది కూలీలు దిగిందీ ఉంది. ఒక్క కూలీ పేరు కూడా లేదు. చివరికి బండను పగలగొట్టింది ఎవరన్నది అసలు రాయనే లేదు.

అటు నుంచి అటే పల్లెకు పోయాడు. "నాయనా, నేను చూడకుండా రాసినాను. ఇప్పుడు చూసినాను. కామయ్య తాత తవ్వలేదని అందులో ఏడా లేదు. నువ్వు చెప్పింది అబద్ధమని చెప్పేదానికి ఎవరికీ దారి లేదు. తప్పు నాది. పత్రిక వాళ్లకి రాస్తాను."

వరదయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నేనూ చూడకుండానే చెప్పినాను గదరా. మా నాయన చెప్పినాడు, నేను చెప్పినాను. నాది వినేదానికి ఈ పల్లె తప్ప ఎవురుండారు? నీది అచ్చయిపోయింది."

దయాసాగర్ పత్రికకు రాశాడు. వాళ్లు ఆ సవరణ వేయలేదు. వెంకటరమణయ్యకు ఉన్నదున్నట్టు చెప్పుకుంటే, ఆయన తిట్టకుండా వరండాలో నుంచి లేచి లోపలికి పోయాడు. ఆదివారాలు ఆగిపోయాయి.

మరుసటేడు కోతల పండగనాడు గింజల గంపలు గుడిలోకి వచ్చాయి. "వరదయ్య తాతా, బావి సంగతి చెప్పండి" అని హెన్రీయే కావాలని అడిగాడు. పల్లె అంతా ఎదురుచూసింది. వరదయ్య కూర్చున్న చోటి నుంచే కొడుకు వైపు చెయ్యి చూపించాడు. "మావాణ్ణి అడగండి. వాడే చెప్పాల" అన్నాడు.

దయాసాగర్ లేచి నిలబడ్డాడు. క్లాసులో పిల్లల నోళ్లు తెరిపించే మనిషికి, 'నువ్వెక్కడ చూసినావు?' అన్న మేష్టారి ప్రశ్న అడ్డం పడి ఒక్క మాట పెగల్లేదు.