ఇనప్పెట్టె కింద దూలం

2022లో నేను మా ఊరి చరిత్ర సంఘానికి పాత కట్టడాల లెక్కలు చూసేవాణ్ణి. మా ఊరు పుత్తూరుకూ సత్యవేడుకూ మధ్య ఉన్న చిన్న పట్నం. నేను ఇంజనీరును కాను. పదో తరగతి తర్వాత సెంట్రింగ్ పనికి వెళ్లాను. స్లాబు కింద ఎన్ని కట్టెలు నిలబెట్టాలన్న లెక్కతో మొదలుపెట్టి, పాత పుస్తకాలు కొని చదివి, ఏ దూలం ఎంత మోస్తుందో ఇరవై ఏడేళ్లలో నేర్చుకున్నాను. ఇళ్లకూ గోడౌన్లకూ ఎస్టిమేట్లు వేయడం నా జీవనం. సంఘం పని మాత్రం ఇష్టంతో చేసేది.

ఆ సంవత్సరం సంఘానికి ఒక పాత సత్రం దొరికింది. తిరుమలకు నడిచిపోయే తమిళ యాత్రికుల కోసం కట్టింది. కింద పెద్ద హాలు, పైన అంతే పెద్ద గది. కార్యదర్శి కమలమ్మ టీచర్ పై గదిలో ఊరి వస్తువుల ప్రదర్శనశాల పెట్టాలనుకుంది. ఆమె రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఊళ్లో నలభై దాటినవాళ్లలో సగం మంది ఆమె దగ్గర చదివినవాళ్లే.

పై గది నేల మద్రాస్ టెర్రస్. అంటే టేకు దూలాల మీద చిన్న వాసాలు పరిచి, వాటి మీద పలచటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో అతికిన నేల. చేత్తో పని చేసినవాళ్ల ఓపిక అందులో కనిపిస్తుంది. గది పొడవు ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పద్నాలుగు. రోడ్డు వైపు గోడ నుంచి ఎదుటి వాకిలి వైపు గోడ దాకా అడ్డంగా రెండు పెద్ద దూలాలు. నేలకు తన సొంత బరువు ఉంటుంది, దాన్ని డెడ్ లోడ్ అంటాం. దాని మీద మనుషులూ సామానూ వేసే బరువు లైవ్ లోడ్. నేను దూలాల మందం కొలిచి, వచ్చిన అంకెలో నాలుగో వంతే తీసుకుని, 'ఒక్కసారి ఇరవై ఐదు మందికి మించరాదు, రాతి వస్తువులు పైకి తేరాదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ మాటలతో ఒక బోర్డు తలుపు పక్కన తగిలించాం.

రోడ్డు వైపు గోడలో, మొదటి దూలం కింద ఒక సన్నని పగులు ఉండేది. పాత గోడకు పగులుండటం వింత కాదు. అది పెరుగుతోందా, నిలిచిపోయిందా అన్నదే ముఖ్యం. అందుకని దాని మీద అడ్డంగా మూడు గాజు పట్టీలు సిమెంటుతో అతికించాను. వాటిని టెల్ టేల్ అంటారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. నాలుగు నెలలు మూడూ నిక్షేపంగా ఉన్నాయి.

ప్రారంభోత్సవానికి ముందు మూడు రోజులు నేను నాయుడుపేటలో ఒక గోడౌన్ పని మీద ఉండిపోయాను. ప్రారంభోత్సవం రోజు ఉదయం బస్సు దిగి సత్రానికి చేరేసరికి పదిన్నర. రిబ్బను కత్తిరించడం అయిపోయింది. పైన నవ్వులు, మాటలు, కుర్చీలు లాగుతున్న చప్పుడు. కింద హాల్లో ఎవరూ లేరు. నేను అలవాటుగా గోడ దగ్గరికి వెళ్లాను.

పై గాజు విరిగి ఉంది. మధ్య గాజు కూడా విరిగి ఉంది. నేను చూస్తూ ఉండగానే మూడోది టిక్కుమంది. గోటితో గాజు గ్లాసును కొట్టినంత చిన్న చప్పుడు. దూలం గోడలోకి దూరే చోటు నుంచి సున్నం పొడి సన్నగా నా చేతి మీద రాలింది.

హాలు మధ్యలోకి వెళ్లి పైకి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు. వాకిట్లోకి వచ్చి మెట్లెక్కాను.

తలుపు పక్కన నా బోర్డుకు ఎవరో బంతిపూల దండ వేశారు. అక్షరాలు కనబడటం లేదు. లోపల తలలు లెక్కపెట్టాను. అరవై మూడు. ఇంకా భయపెట్టింది సామాను. ఊరిలో ఎవరి ఇంట్లో ఏది అన్నిటికన్నా బరువో అదే గొప్పదని తెచ్చి ఇచ్చారు. రుబ్బురోళ్లు, తిరగళ్లు, ఖాదర్ అన్న వాళ్ల తాత కమ్మరి కొట్టంలో ఇనుము సాగగొట్టిన దాగలి. అన్నిటినీ మించి, రోడ్డు వైపు కిటికీ పక్కన దొరసామి నాయుడి ఇంటి ఇనప్పెట్టె. చైన్ బ్లాకు అనే గొలుసు కప్పీతో కిటికీ గుండా ఎక్కించి, దిగిన చోటే వదిలేశారు. అది సరిగ్గా పగులున్న దూలం చివర మీద కూర్చుంది.

మనసులో కూడాను. పెట్టె నాలుగు వందల కిలోలు, రాళ్లు ఎనిమిది వందలు, మనుషులు మూడు వేల ఏడు వందలకు పైన. విచిత్రం ఏమంటే, నా లెక్క ప్రకారం ఆ దూలం అప్పటికీ మోయాలి. అంకె మోస్తుందంటోంది, గాజు మోయలేదంటోంది. నా సంతకం అంకె కింద ఉంది. ఒక్క క్షణం నా అంకెనే నమ్మాలనిపించింది.

అరిస్తే అందరూ పరుగెత్తుతారు. తలుపు దూలానికి ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. అరవై మంది ఒక్కసారిగా అటు తోసుకొస్తే బరువంతా ఆ దూలం మీదే పడుతుంది. నేను వాకిలి వైపు గోడ వెంబడి నడిచి కమలమ్మ టీచర్ చెవి దగ్గర వంగాను.

"టీచర్, గాజులు ఇరిగినాయి. అందరూ దిగల్ల. పరుగు తీయకూడదు."

ఆమె నవ్వు ముఖం మీద అలాగే ఉంది. "ఎవరు ముందు?" అంది.

"పెట్టె దగ్గరుండే వాళ్లు. ఒక్కో ఇంటోళ్లు. ఈ వాకిలి గోడ పట్టుకోని రావల్ల."

ఆమె చప్పట్లు కొట్టింది. అందరూ ఆమె వైపు తిరిగారు. "వస్తువులు ఇచ్చినోళ్లకు కింద వాకిట్లో ఫోటో తీస్తాం. నేను పేరు పిలిస్తేనే కదలల్ల. వరస తప్పినోళ్లకు ఫోటో లేదు. ఈ పక్క గోడ వెంబడే, మెల్లగా. మునెమ్మా, మీ ఇంటోళ్లు."

హాజరు పిలిచినట్టే పిలిచింది. తిరగలి ఇచ్చిన మునెమ్మ కుటుంబం ఐదుగురు కదిలారు. మిగిలింది యాభై ఎనిమిది.

"ఏం టీచరమ్మా, తిరగలోళ్లు ముందు, దాగలోళ్లు తరవాతనా? మేమేం తక్కవ?" అని ఖాదర్ అన్న గది మధ్యలోకి రెండడుగులు వేశాడు. ఆ అడుగులు పగులున్న దూలం వైపే.

"ఖాదరూ, ఉన్నచోట్నే ఉండు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, బెల్లు కొట్టకముందే లేస్తావు."

అందరూ నవ్వారు. నేను కాళ్ల కింద నేల వైపే చూస్తున్నాను. యాభై రెండు. నలభై ఏడు. ప్రతి ఇంటితో పాటు మూడు వందల కిలోలు తగ్గుతోందని లెక్కపెట్టుకుంటూ ఊపిరి పీల్చుకున్నాను. దొరసామి నాయుడి ఇంటి ఆడవాళ్లను పిలిస్తే వెళ్లిపోయారు. నాయుడు మాత్రం కదల్లేదు.

"నా ఫోటో ఈ పెట్టె పక్కన్నే తియ్యల్ల. పెట్టె దిగదు, నేనూ దిగను" అన్నాడు పెట్టె మీద చెయ్యి వేసి.

టీచర్ నా వైపు చూసింది. నేను తల ఊపాను. అతన్ని వదిలి మిగతావాళ్లను పిలిచింది. పావు గంట పట్టింది. చివరికి గదిలో నాయుడూ నేనూ మిగిలాం. టీచర్ తలుపు బయట నిలబడింది.

"నాయుడన్నా, దిగు" అన్నాను వాకిలి గోడకు ఆనుకునే.

"యాల అప్పా? అందర్నీ తరిమి నన్నూ తరుముతుండావు. మా తాత ధర్మకర్తగా ఉన్న సత్రం ఇది."

"ఆ పెట్టె కింద గోడ కదిలింది. గాజులు మూడూ పోయినాయి."

"నువ్వే గదా సంతకం పెట్టింది, గట్టిగా ఉండాదని!" అని నవ్వాడు.

చెవి మీద ఉన్న పెన్సిల్ తీసి నేల మీద పెట్టాను. గుండ్రటి పెన్సిల్. ముందు కదల్లేదు. తర్వాత మెల్లగా దొర్లింది, వేగం అందుకుంది, గదికి అడ్డంగా వెళ్లి పెట్టెకు తగిలి ఆగింది.

నాయుడి నవ్వు ఆగిపోయింది. పెన్సిల్ వైపు, తన ఉత్త పాదాల వైపు చూసుకున్నాడు. అప్పుడే కింద ఎక్కడో కొయ్య మూలిగినట్టు వినిపించింది.

"గురవయ్యా" అని నన్ను పిలిచాడు. "కాళ్లు రావడం లేదప్పా. వచ్చి పట్టుకో."

అతని దగ్గరికి పోవాలని ఒళ్లంతా అడిగింది. కానీ నా బరువు అరవై ఎనిమిది కిలోలు. అది ఇంకెక్కడున్నా ఫర్వాలేదు గానీ అక్కడ ఉండకూడదు.

"నేను రాకూడదన్నా. నువ్వే రావల్ల. ఆరు అడుగులు. పెట్టె మీద చెయ్యి తియ్. నా ముఖం సూడు. ఒకటి అను."

"ఒకటి" అన్నాడు చిన్న పిల్లవాడిలా. పాదం జరిపాడు.

"రెండు."

మూడు దగ్గర ఆగిపోయి కళ్లు మూసుకున్నాడు. బయటి నుంచి టీచర్ గొంతు కఠినంగా వినిపించింది. "దొరసామీ, మూడు తరవాత ఏమొస్తుంది?"

"నాలుగు, టీచర్."

ఆరో అడుగుకు అతని చెయ్యి నా చేతికి అందింది. చల్లగా, తడిగా ఉంది. గోడ వెంబడి ఇద్దరం తలుపు దాటాం. మెట్లు దిగేదాకా అతను నా చెయ్యి వదల్లేదు.

మధ్యాహ్నానికి నా పాత మేస్త్రీలు వచ్చారు. మొదటి దూలం పొడవునా, గోడకు ఎడంగా, సరుగుడు కట్టెలు నిలబెట్టి బిగించారు. తర్వాత దూలం గోడలోకి దూరే చోట నేను సున్నం తొలిచాను. గోడ మీద దూలం కూర్చునే ఆ చోటును బేరింగ్ అంటాం. పొడుగాటి స్క్రూడ్రైవర్ పెట్టి వేలితో నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి కనిపించేదంతా ఇనుములాంటి టేకు. గోడలో దాగిన తొమ్మిది అంగుళాలు ఏ కాలంలోనో వాన నీరు దిగి పుచ్చి, చెదలు తిని, కాఫీపొడిలా అయిపోయింది.

నా రిపోర్టు తీసి చూసుకున్నాను. 'బేరింగ్: బాగుంది' అని నా చేతి రాతే. గోడ బయట దూలాన్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, లోపల కూడా అలాగే ఉంటుందని రాసేశాను. ఇరవై ఐదు మంది అన్నది కూడా తప్పే. ఆ చివర మీద పదిమందిని కూడా నిలబెట్టకూడదు. బోర్డు మీద దండ వేసినవాళ్లను తిట్టుకునే హక్కు నాకు లేకుండా పోయింది.

ఆ వారం సంఘం సమావేశంలో ఆ రిపోర్టు నేనే చదివి, నా తప్పు ఒప్పుకుని, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను.

"గాజు పెట్టింది ఎవరు?" అంది టీచర్.

"నేనే."

"అయితే కూర్చో. తప్పు రాసినోడివే ఇంక జాగ్రత్తగా రాస్తావు."

రోళ్లూ ఇనప్పెట్టే ఇప్పుడు కింది హాల్లో ఉన్నాయి. దూలం చివర కోసి కొత్త టేకు అతికాం. అయినా ఆ పై గదిలోకి వెళ్తే నేను ఇప్పటికీ గోడ వెంబడే నడుస్తాను.

కొలిచినదాన్ని కూడితే వచ్చేది సరైన అంకే కావచ్చు. కానీ కొలవనిది ఆ కూడికలో లేదని అంకె మనకు చెప్పదు. ఆ సత్రం నాకు నేర్పింది అదే. అప్పటి నుంచి ఏ పాత కట్టడానికి రిపోర్టు రాసినా 'నేను చూడలేకపోయినవి' అని వేరుగా రాస్తున్నాను. గోడలో దూలాల చివరలు, పునాది లోతు, గచ్చు కింద ఏముందో, అన్నీ. కిందటి నెల సంఘం చేతికొచ్చిన ఒక పాత బడికి రాసినప్పుడు కొలతలు ఒకటిన్నర పేజీ, చూడనివి రెండు పేజీలు వచ్చాయి.

ఇప్పుడు సంఘం కట్టడాల తాళాలు చూసే దొరసామి నాయుడు ఆ కాగితాలు రెండుసార్లు చదివాడు. "ఏంది స్వామీ, నీకు తెలిసిందానికన్నా తెలీందే ఎక్కువ ఉండాదే" అన్నాడు.

"అవునన్నా" అన్నాను.

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఎవరూ లోపలికి పోకుండా ఆ బడి తలుపుకు తానే తాళం వేసి వచ్చాడు.